మైకుగారి గుసగుస

"సోమవారం పొద్దున మనింటికి కంచానికి వస్తారట" అంటూ అత్తగారు ఫోను పెట్టేసింది.

ఎవరొస్తారు, ఎవరి కంచానికి వస్తారు, వాళ్లింట్లో కంచాలు లేవా అని అల్లుడు గుసగుసగా అడిగాడు. సంక్షేమ కార్యాలయం నుంచి ఎవరో ఆడమనిషి మాట్లాడిందనీ, గువ్వ దరఖాస్తు గురించేననీ, ఇంట్లోవాళ్లంతా ఉండాలందనీ, కంచానికి వస్తామని ఒకటికి రెండుసార్లు నొక్కి చెప్పిందనీ అత్తగారు వివరించింది. ఆవిడకు ఎడమ చెవి పనిచేయదు. కుడి చెవి పనిచేస్తుంది గానీ తనకు నచ్చిన పనే చేస్తుంది.

అల్లుణ్ని అందరూ మైకు అంటారు. కూరగాయల టోకు మార్కెట్టులో వేలంపాట నడిపించడం అతని పని. మార్కెట్టుకు మైకు కొనే ఖర్చు తప్పించాడు కాబట్టి ఆ పేరొచ్చింది. అతను ఒకటోసారి అంటే ఈ కొసవాళ్లు వింటారు, రెండోసారి అంటే ఆ కొసవాళ్లు వింటారు, మూడోసారి అంటే ఆ రోజు మార్కెట్టుకు రానివాళ్లు కూడా వింటారు. వేలు ఎత్తినవాడిదే వేలం, ఎత్తనివాడు వేలాడాల్సిందే అని పొద్దస్తమానం జనాన్ని నవ్విస్తూ సరుకు వదిలించేస్తాడు. అంతటి గొంతూ ఇంటికొచ్చేసరికి చెప్పులతో పాటు గుమ్మం బయటే ఆగిపోతుంది.

కారణం గువ్వ. మైకు కూతురు, అయిదేళ్లది. డాక్టరు ఆటిజం అని చెప్పిన రోజున మైకు అలవాటు ప్రకారం ఆ మాటను రెండు ముక్కలు చేసి, "ఆట నిజం" అని భార్యను నవ్వించబోయాడు. ఆవిడ నవ్వలేదు, అతనికీ నవ్వు రాలేదు. కానీ ఆ మాట మాత్రం అబద్ధం కాలేదు. గువ్వకు ఆటే నిజం, తక్కిన లోకమంతా చప్పుడు. గట్టి చప్పుడు వింటే చెవులు మూసుకుని నేల మీద ముడుచుకుపోతుంది, లేదా తలను గోడకేసి కొట్టుకుంటుంది. సొంత మాటలు తక్కువ. లిఫ్టులో వినిపించే ఆడగొంతును మాత్రం అచ్చు గుద్దినట్టు దింపేస్తుంది. వచ్చిన మనిషి నచ్చితే "తలుపులు తెరుచుకుంటున్నాయి" అంటుంది. నచ్చకపోతే "తలుపులు మూసుకుంటున్నాయి". మనసులో ఉన్నది ఇంత సూటిగా చెప్పే మనిషి మైకుకు మార్కెట్టు మొత్తంలో ఒక్కరూ తగల్లేదు.

గువ్వ ఒకే ఒక్క కంచంలో తింటుంది. అది అంచు సొట్టపోయిన స్టీలు కంచం. సొట్ట తన వైపే ఉండాలి, లేదంటే ఆ పూట పస్తే. అందుకని అత్తగారి కబురు ఇంట్లో ఎవరికీ మరీ వింతగా తోచలేదు. పిల్ల తనంతట తాను తింటుందా, ఎవరైనా తినిపించాలా అన్న ప్రశ్న దరఖాస్తులో ఉండనే ఉంది. కాబట్టి కంచం చూడటానికే వస్తున్నారని ముగ్గురూ కలిసి తేల్చేశారు.

నిజానికి గువ్వకు ప్రభుత్వ భత్యం కోసం పెట్టుకున్న దరఖాస్తుల్లో ఇది రెండోది. మొదటిదానికి వచ్చిన జవాబు నమస్కారంతో మొదలై తిరస్కారంతో ముగిసింది. అందులో ఆఫీసువాళ్ల తప్పేమీ లేదు, తప్పంతా మైకు వృత్తిది. టమాటా పెట్టెలో నిగనిగలాడేవి పై వరసలో పేర్చాలి, నలిగినవి అడుక్కి పోవాలి. ఇన్నేళ్లుగా అదే పని. ఆఫీసులో బల్ల ముందు కూర్చోగానే అతని నోరు మార్కెట్టుకు వెళ్లిపోయింది. పాప తనంతట తాను తింటుందా అంటే బ్రహ్మాండంగా తింటుందన్నాడు. నిద్రపోతుందా అంటే హాయిగా నిద్రపోతుందన్నాడు. పదిమందిలో మెలగగలదా అంటే పదిమందికీ ముద్దొస్తుందన్నాడు. పక్కనుంచి భార్య కాలు తొక్కుతున్నా ఆగలేదు. కన్నకూతుర్ని పరాయి మనిషి ముందు తగ్గించి చెప్పడానికి అతని నాలుక తిరగలేదు, అంతే. ఇంత చక్కని పిల్లకు భత్యం దేనికని వాళ్లకు అనిపించింది. భత్యానికి వెళ్తే పథ్యం రాసిచ్చినట్టు, బడిలో వేసి బాగా చదివించమని సలహా ఇచ్చి పంపేశారు.

బడిలో వేశారు. గువ్వకు బడి నచ్చింది కూడా, చిక్కంతా అక్కడే వచ్చింది. ఆదివారం నాడు సైతం సంచీ తగిలించుకుని లిఫ్టు ముందు నిలబడుతుంది. కానీ పక్కన ఒక తోడు మనిషి లేకుండా పై తరగతికి తీసుకోలేమని బడివాళ్లు నొచ్చుకుంటూనే చెప్పేశారు. ఆ తోడు మనిషిని ఇచ్చేది సంక్షేమ కార్యాలయమే, అదీ భత్యం మంజూరైన పిల్లలకే. ఈసారి కూడా కాదంటే గువ్వ ఇంట్లో ఉండిపోవాలి. ఇక ఏ రోజూ లిఫ్టు ముందు నిలబడ్డ పిల్లకు రేపు వెళ్దాంలే అని చెప్పడానికి వీలుండదు.

అందుకని ఈసారి నలిగిన టమాటాలన్నీ పై వరసలోనే పెడతానని మైకు భార్యకు మాటిచ్చాడు.

సోమవారం అత్తగారు పెందలాడే లేచి నాలుగు కూరలు వండింది. కంచాన్ని తోమి తోమి అద్దం చేసింది, సొట్ట మాత్రం భద్రంగా ఉంచింది. కాసేపటికి గుమ్మం మీద బల్బు వెలిగింది, ఆరింది, మళ్లీ వెలిగింది. ఆ ఇంట్లో బెల్లు మోగదు, వెలుగుతుంది. మైకు వెళ్లి తలుపు తీశాడు. భుజాన సంచీతో ఒక ఆఫీసరమ్మ నిలబడి ఉంది. బెల్లు పాడైనట్టుంది, ఎంత నొక్కినా మోగలేదంది. అబ్బే, బాగానే ఉందండీ అన్నాడు మైకు.

గువ్వ ఆవిణ్ని కిందినుంచి పైదాకా చూసి, "తలుపులు మూసుకుంటున్నాయి" అంది.

"మిమ్మల్ని కాదండీ" అంది గువ్వ తల్లి కంగారుగా. అంతలోనే, "మిమ్మల్నే, కానీ కోపంతో కాదు" అని సరిదిద్దుకుంది.

అత్తగారు ఆఫీసరమ్మను తిన్నగా భోజనాల బల్ల దగ్గరికి తీసుకెళ్లి కూర్చోబెట్టి, ముందు సొట్ట కంచం పెట్టింది. ఆవిడ కంచాన్నీ అత్తగార్నీ మార్చి మార్చి చూసి, ఇదెందుకని అడిగింది. కంచానికి వస్తామని మీరే కదా చెప్పారు, ఇదే ఆ కంచం, తిప్పి చూసుకోండి అంది అత్తగారు.

"కంచానికి కాదమ్మా, అంచనాకి వస్తామన్నాను. పాపకు ఎంత సాయం కావాలో అంచనా వేయడానికి."

అత్తగారు వంటింటి వైపు చూసింది. "అంచనాయే అయితే, మరి ఇంత భోజనం ఎవరు తింటారు?" అంది.

ఆఫీసరమ్మ నవ్వాపుకుంటూ, పనిమీద వెళ్లిన ఇంట్లో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టకూడదన్న నియమం గురించి చెప్పింది. ఆ నియమం పెట్టినవాడెవడో ఆకలి తెలియనివాడై ఉంటాడని అత్తగారు గొణిగింది. అలా కంచం లోపలికి, కాగితాలు బయటికి వచ్చాయి.

పాపతో ఏమేం ఇబ్బందులున్నాయో దాచకుండా చెప్పమంది ఆఫీసరమ్మ. మైకు గొంతు సవరించుకున్నాడు. ఇచ్చిన మాట గుర్తుంది. పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి నలిగినవాటి కోసం వెతికాడు. ఒక్కటీ చేతికి తగల్లేదు. ఇంట్లో గువ్వ గోడకేసి తల కొట్టుకుని ఎంత కాలమైందో, కేకపెట్టి ఎన్నాళ్లయిందో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. ఎదురుగా ఆ పిల్ల రంగు కాగితాలు వరసగా పేర్చుకుంటూ, ఏ ఇంటి పిల్లయినా ఆడుకునేలాగే ఆడుకుంటోంది. అబద్ధం చెప్పడానికి వీల్లేదు, నిజం చూస్తే ఇది.

"ఇంట్లో అయితే ఇబ్బందేం లేదండీ" అన్నాడు చివరికి.

భార్య తల దించుకుంది. ఆఫీసరమ్మ పాత కాగితాల్లో మైకు చెప్పిన జవాబులు ఓసారి చదివి, గువ్వ వైపు ఓసారి చూసి, పెన్నుకు మూత పెట్టింది. సంచీ సర్దుకుంటూ మాటవరసకి, మీకు గొంతు బాగాలేదా అని అడిగింది మైకును.

గొంతు బ్రహ్మాండంగా ఉందన్నాడు మైకు.

"మరి నేనొచ్చినప్పటి నుంచీ గుసగుసగా మాట్లాడుతున్నారు?"

"ఇల్లు కదండీ."

"ఇంట్లో మీరు ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారా?"

"అందరూ మాట్లాడరా?" అన్నాడు మైకు. వేళాకోళానికి కాదు, నిజంగానే అడిగాడు.

ఆఫీసరమ్మ మళ్లీ కూర్చుంది. పెన్ను మూత తీసింది. అసలా బెల్లు ఎందుకు మోగదని అడిగింది. మోగేదాన్ని తీసేసి బల్బు పెట్టించామని, ఊరికేనని చెప్పాడు మైకు. పాప గౌను తిరగేసి తొడిగినట్టుంది, చూసుకున్నారా అని అడిగింది. అది తిరగేసింది కాదని, లోపలి కుట్లు ఒరుసుకుంటే పాప బట్టలు చించేసుకుంటుందని, అందుకే కుట్లు బయటికి వచ్చేలా కుడతానని గువ్వ తల్లి చెప్పింది. ఆవిడ దర్జీ. అయితే కుట్టు మిషను ఇంట్లో కనిపించదేమని ఆఫీసరమ్మ చుట్టూ చూసింది. కింద వాచ్‌మన్ గదిలో పెట్టుకున్నానని, కుట్టాల్సినప్పుడల్లా దిగి వెళ్లి వస్తానని గువ్వ తల్లి చెప్పింది. మరి పెద్దావిడ పాప వెనకాలే దిండు పట్టుకుని ఎందుకు తిరుగుతోందని అడిగింది. అప్పటిదాకా అత్తగారి చేతిలో దిండు ఉందన్న సంగతి ఆ ఇంట్లో ఎవరూ గమనించలేదు, అత్తగారితో సహా. పాపకీ గోడకీ మధ్యన ఏదో ఒకటి ఉండాలి కదా అంది ఆవిడ, అదొక ప్రశ్నా అన్నట్టు.

"ఇవన్నీ మీకు ఇబ్బందులుగా అనిపించలేదా?" అంది ఆఫీసరమ్మ.

"ఇవి అలవాట్లు కదండీ" అన్నాడు మైకు.

"మీరు అలవాటు అంటున్నదాన్నే మా ఆఫీసులో అలవెన్సు అంటారు."

ఎప్పుడూ మాటలు విసిరే మైకు మీద ఈసారి ఆఫీసరమ్మ మాట విసిరింది. భార్యకేసి చూశాడు. ఆవిడ చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ నవ్వుతోంది.

ఆఫీసరమ్మ చాలాసేపు రాసుకుంది. చివర్లో ఒక చిక్కుందని చెప్పింది. పోయినసారి అన్నీ బాగున్నాయన్న మనిషే ఇప్పుడు బాగాలేవంటే పైవాళ్లు నమ్మరు. ఇంటి మనిషి కాకుండా, పాపను రోజూ చూసే ఇరుగుపొరుగువాళ్లు ఎవరైనా చెబితే ఆ మాటకు బలం ఉంటుంది. ఇప్పుడు ఎవరున్నారో పిలవమంది.

మైకు పైకప్పు వైపు చూశాడు. ఆ వేళకు ఇరుగుపొరుగు ఇళ్లల్లో ఉండేది ఒక్కరే, పై అంతస్తు బాకా మేష్టారు. పిల్లలకు బాకా ఊదడం నేర్పుతాడు. ఒకప్పుడు ఆయనా మైకూ మెట్ల మీద ఎదురుపడితే మేడ అదిరిపోయేలా నవ్వుకునేవాళ్లు. బాకాలు ఊదేవాళ్లంతా నాయకుల చుట్టూ చేరితే మీరేమిటి పిల్లల చుట్టూ చేరారు అని మైకు అనేవాడు. నీ గొంతు అద్దెకిస్తే నా బాకా అమ్మేస్తానని ఆయన అనేవాడు. ఒక రోజు ఆయన అలా పగలబడి నవ్వుతుండగా గువ్వ మెట్ల మీద పడిపోయి తల బాదుకుంది. మైకు పిల్లను ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ మర్నాటి నుంచి పైనుంచి బాకా వినిపించలేదు. మేష్టారు ఎదురుపడితే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు, నోట మాట ఉండేది కాదు. ఆయనకు కోపమొచ్చింది, ఎందుకు రాదు, మనవల్ల ఆయన బాకా మూగబోయింది, ఆ బాకీ మనం తీర్చలేమని మైకు అనుకున్నాడు. ఇప్పుడు కూతురి బడి ఆ మనిషి నోటి మాట మీదే ఆధారపడింది.

వెళ్లి తలుపు మీద వేలితో తట్టాడు. సంగతి చెప్పాడు. మేష్టారు తల ఊపాడు. లోపలికి వెళ్లి మందపాటి మేజోళ్లు తొడుక్కుని వచ్చాడు, చెప్పులు వదిలేసి మెట్లు దిగాడు. మైకు ఇంట్లోకి అడుగు పెట్టగానే గువ్వ తలుపులు మూసుకుంటున్నాయంది. ఆయన బుద్ధిగా ఒక అడుగు వెనక్కి వేసి గడప అవతలే చతికిలబడ్డాడు.

అప్పుడు నోరు విప్పాడు. అంత పెద్ద ఛాతీలోంచి వచ్చిన గుసగుస మైకు గుసగుసకంటే మెత్తగా ఉంది. ఎంతో సాధన చేస్తే తప్ప అంత మెత్తన రాదని మైకుకు తెలుసు.

"నా గొంతంటే పాపకు భయమండీ. నా నవ్వు వినే ఆ రోజు పడిపోయింది. నాకు చిన్నగా నవ్వడం రాదు. మైకుగారు కనిపిస్తే నవ్వకుండా ఉండలేను. అందుకని ఆయన కనిపిస్తే తల దించుకుని పోతున్నాను."

బాకా సాధన ఊరి చివర రైలు వంతెన కిందికి మార్చానని, శిష్యులూ అక్కడికే వస్తున్నారని, రైలు వచ్చినప్పుడు మాత్రం అందరం ఓడిపోతామని చెప్పాడు. పాప బజారులో కారు హారన్ విని రోడ్డు మధ్యన ముడుచుకుపోతే, గువ్వ తల్లి పాప మీద వంగి తన ఒంటినే గొడుగులా పట్టి వాహనాల మధ్య కూర్చుండిపోవడం తాను కళ్లారా చూశానన్నాడు. ఆ సంగతి మైకుకు తెలియదు. భార్య ఎప్పుడూ చెప్పలేదు. ఆవిడ కూడా అలవాటే అనుకుని ఉంటుంది.

మైకు గడప దగ్గరికి వెళ్లి ఆయన పక్కన కూలబడ్డాడు. మీకు కోపం అనుకున్నానన్నాడు. మేష్టారు తల అడ్డంగా ఊపి, తనకు కోపం లేదు గానీ మేడలో మిగతావాళ్లకు మాత్రం పాప సంగతి పట్టదని వాపోయాడు. వాచ్‌మన్‌నే చూడండి, తన మీద ఏం కోపం పెట్టుకున్నాడో, ఒకప్పుడు కారు చూస్తే ఈల వేసేవాడు, మనిషిని చూస్తే సలాం కొట్టి కేకేసేవాడు, ఇప్పుడు ఉలకడు పలకడు అన్నాడు.

ఆఫీసరమ్మ పెన్ను ఆగింది. ఆ వాచ్‌మన్‌ను కూడా పిలవమంది.

వాచ్‌మన్ వచ్చి మేష్టారి వెనకాల మెట్టు మీద నిలబడ్డాడు. ఈల ఎందుకు మానేశావంటే సిగ్గుపడ్డాడు. పాపకు పడదు కదమ్మా, అందుకే కార్లకు చెయ్యి ఊపుతున్నాను అన్నాడు. లిఫ్టు మెకానిక్ వచ్చినప్పుడు ఆ ఆడగొంతును పూర్తిగా తీసేయబోతే, అది పాప నేస్తమని బతిమాలి, తగ్గించి ఊరుకునేలా చూశానన్నాడు. మేష్టారే తన మీద అలిగారని ఇన్నాళ్లూ బాధపడ్డానని, ఆయన పలకరింపు లేక పొద్దు పొడిచినట్టే ఉండడం లేదని చెప్పాడు. ఇంతా చెప్పి, మేడలో పాపను పట్టించుకునేది తామిద్దరమేనని, మూడో అంతస్తు ట్యూషను టీచరమ్మకైతే ఎవరి గోలా పట్టదని, ఆవిడ దగ్గరికొచ్చే పిల్లలు మెట్ల మీద దొంగల్లా మునివేళ్ల మీద నడుస్తారని, ఏం నేర్పుతోందోనని చెప్పాడు.

ఆఫీసరమ్మ ఆ టీచరమ్మను తాను సాయంత్రం ఫోనులో అడుగుతానంది. రాసుకున్నదంతా మేష్టారితోనూ వాచ్‌మన్‌తోనూ సంతకాలు పెట్టించుకుని, గువ్వకు చెయ్యి ఊపి వెళ్లిపోయింది. కూరలు ఆ పూట గడప దగ్గరున్న వాళ్లందరికీ సరిపోయాయి.

బడి తెరవకముందే ఉత్తరం వచ్చింది. భత్యం మంజూరైంది, తోడు మనిషిని ఇస్తున్నారు. గువ్వ తల్లి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివి నాలుగోసారి చదవలేకపోయింది. మైకు ఇంటింటికీ వెళ్లి తలుపులు వేలితో తట్టి, సాయంత్రం మెట్ల దగ్గరికి రమ్మని అందరినీ పిలిచాడు.

అందరూ వచ్చారు. ఏదో గొడవ జరిగిందనే వచ్చారు. మాటా మంతీ లేని మేడలో మనిషిని పిలిచారంటే గొడవకేనని వాళ్ల లెక్క. ఒక్కొక్కరూ ఒక్కో మెట్టు మీద, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా నిలబడ్డారు. మార్కెట్టులో అంతమందిని ఆడించే మైకుకు ఆ కాస్త జనం ముందు గొంతు పెగల్లేదు. పెగిలినా గుసగుసే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

"మా పాప ఇంట్లో ఏడవదని ఆఫీసులో గొప్పలు చెప్పుకున్నానండీ. అదంతా మా పెంపకం అనుకున్నాను. పాపను ఏడవనీయనిది మీరంతా అని ఆఫీసువాళ్లు చెబితే గానీ నాకు తెలియలేదు."

తర్వాత ఒక్కొక్కరి సంగతీ పేరుపేరునా చెప్పాడు. మేష్టారి బాకా వంతెన కిందికి ఎందుకు పోయిందో, ఆయన తల ఎందుకు దించుకుంటున్నాడో చెప్పాడు. వాచ్‌మన్ ఈల ఎటు పోయిందో చెప్పాడు. టీచరమ్మ తన దగ్గరికొచ్చే పిల్లలకు మొదటి పాఠంగా మునివేళ్ల నడక నేర్పుతోందని, ఫోనులో ఆఫీసరమ్మ అడిగితే చెప్పిందట, అదీ చెప్పాడు. ప్రతివాళ్లూ తామొక్కరమే పాప కోసం నోరు కట్టుకున్నామనుకున్నారు, ఎదుటివాళ్లు నోరు కట్టుకుంటే మాత్రం పొగరనుకున్నారు. "మనది అపార్ట్‌మెంటు కాదండీ, అపార్థమెంటు" అన్నాడు.

మెట్లు మెట్లన్నీ నవ్వాయి. చప్పుడు లేదు. అందరూ చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నారు, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడ్డాయి. మేష్టారు మేజోడు ఒకటి ఊడదీసి నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది.

టీచరమ్మ వాచ్‌మన్ నిలబడ్డ మెట్టు మీదికి దిగి, "నీకు నా మీద కోపం లేదా అయితే?" అని అడిగింది.

"నాకెందుకమ్మా కోపం. మీకే నా మీద అనుకుని, మీ ఉత్తరాలు తలుపు కిందనుంచి తోసి పారిపోతున్నాను."

"నేనేమో నీకు మొహం చూపించలేక ఆ ఉత్తరాలు నువ్వు వెళ్లాక తీసుకుంటున్నాను" అంది టీచరమ్మ.